పది లెక్కపెట్టేదాకా

హన్నమ్మ కుడిచెయ్యి పైకి లేవడం లేదన్న సంగతి అందరికంటే ముందు ఆమె కొప్పుకి తెలిసింది. నలభై అయిదు రోజుల తరవాత కట్టు విప్పించుకొచ్చిన సాయంత్రం, తలంటుకుని, తడి జుట్టు విదిలించి ముడేసుకుందామని చెయ్యెత్తితే అది రొమ్ము దాకా వచ్చి ఆగిపోయింది. అక్కడెవరో మేకు దిగ్గొట్టినట్టు. ఎడమచేత్తో మోచెయ్యి పట్టుకుని పైకి నెట్టబోయింది. భుజంలో కరుక్కుమంది. కళ్ళు బైర్లు కమ్మి, బట్టలుతికే బండ మీద కూలబడింది.

లోపల్నించి జాయ్సీ పరుగెత్తుకొచ్చింది. జాయ్సీ ఆమె ఒక్కగానొక్క కూతురు. తాడేపల్లిగూడెంలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది, రోజూ సర్వీసు ఆటోలో వెళ్ళొస్తుంది. తల్లి జుట్టు తుడిచి, తనే ముడేసి, "కొప్పుకేముందమ్మా, రోజూ నేను వేస్తాలే" అంది.

"కొప్పు ఎవరిక్కావాలే?" అంది హన్నమ్మ, ఇళ్ళ కప్పుల మీదుగా కనబడే గంటస్తంభాల వేపు చూస్తూ. "తాడెలా అందుకోను?"

పెంటపాడు దాటి కాలవ వెంబడి కొంత దూరం పోతే వచ్చే ఆ పేటలో ఎనభై గడపలుంటాయి. గుడి పాతబడితే కొత్తది కట్టుకున్నారు గాని గంట మాత్రం మిషనరీ దొరల నాటిదే. రెండు ఇటిక స్తంభాల మధ్య ఇనప కమ్మీకి వేలాడుతుంది. పక్కన చక్రం, చక్రం మీదుగా కిందికి తాడు. తాడుకి ఆరడుగుల ఎత్తున ఒక ముడి. హన్నమ్మ భర్త ఏసోబు వేసిన ముడి అది. ముప్పై ఒక్క ఏళ్ళు ఆయన అరచేతుల చెమటకి నల్లబడి చింతపిక్కలా నున్నగా తేలింది.

ఆ ముడి దగ్గర పట్టుకుని నడుము దాకా ఒక్క ఊపున లాగితే గంట నిండుగా ఊగి రెండు వేపులా మోగుతుంది. అది ఆరాధన గంట, ఆరాధనకి ముందు మూడు విడతలుగా కొడతారు. ముడికి బాగా కిందగా పట్టుకుని లాగితే ఊపు చాలదు, గంట సగం వాలి ఒక్క దెబ్బతో సరిపెడుతుంది. అలా ఒక్క దెబ్బ కొట్టించి, గంట వెనక్కి పోకుండా తాడుని అక్కడే బిగబట్టి, మనసులో పది లెక్కపెట్టి, మెల్లగా వదిలి ఇంకో దెబ్బ కొడితే అది చావు గంట. మగవాళ్ళకి పన్నెండు దెబ్బలు, ఆడవాళ్ళకి పది. పొలాల్లో ఉన్నవాళ్ళు దెబ్బలు లెక్కపెట్టుకుని, పోయింది మగమనిషో ఆడమనిషో తెలుసుకుని ఇంటిదారి పట్టేవారు.

ఏసోబు కరోనా రెండో విడతలో ఏలూరు ఆస్పత్రిలో పోయాడు. శవాన్ని పేటలోకి తేనివ్వలేదు. సమాధులకి నలుగురే వెళ్ళాలన్నారు, జ్వరంతో ఉన్న హన్నమ్మ ఆ నలుగురిలో లేదు. ఆయనకి గంట కొట్టే మనిషే లేకపోయాడు, అన్నేళ్ళూ కొట్టింది ఆయనే కాబట్టి. అప్పుడు హన్నమ్మ మూతికి గుడ్డ కట్టుకుని గుడి ఆవరణలోకి వెళ్ళి, అంతకు ముందెన్నడూ ముట్టని తాడు పట్టుకుంది. పన్నెండు దెబ్బలు కొట్టింది. ఒక్కో దెబ్బకీ ఒక్కో తలుపు తెరుచుకుంది. ఎవరి గుమ్మంలో వాళ్ళు నిలబడి తలలు వంచుకున్నారు. ఏసోబుని పేట సాగనంపింది అంతే. ఆ తరవాత గంట పని హన్నమ్మకివ్వాలని ఎవరూ తీర్మానం చెయ్యలేదు. తాడు ఆమె చేతిలోంచి తీసుకోవాలని ఎవరికీ తోచలేదు.

అలాంటి ఆలోచన రావడానికి సార్వా నాట్లు కారణమయ్యాయి. జూలై ఆఖర్లో, వానలో, నారుకట్టలు నెత్తిన పెట్టుకుని గట్టు మీద వెళ్తూ హన్నమ్మ జారింది. పడుతూ పడుతూ కుడిచెయ్యి ఆన్చింది. భుజానికి బెత్తెడు కింద ఎముక విరిగింది. మరిది వరసయ్యే దేవదానం బండి మీద కూర్చోబెట్టుకుని కట్టు వైద్యుడి దగ్గరికి తీసుకుపోయాడు. దేవదానం సంఘపెద్ద, పిలిచినా పిలవకపోయినా ప్రతి ఇంటి కష్టంలోనూ ముందుండే మనిషి. వైద్యుడు కోడిగుడ్డు సొనా పసరూ పట్టించి, వెదురు బద్దలు పెట్టి, చేతిని రొమ్ముకి అదిమి కట్టి, మూడు వారాలకి రమ్మన్నాడు. ఎంత ఎక్కువ ఉంచితే అంత గట్టిపడుతుందని హన్నమ్మే దాన్ని నలభై అయిదు రోజులు ఉంచుకుంది. ఎముక అతుక్కుంది. దాంతోపాటు భుజమూ అతుక్కుపోయింది.

ఈలోగా ఆదివారాల్లో దేవదానం తన ఫోనులోంచి గంట శబ్దం మైకులో వినిపిస్తూ వచ్చాడు. ఎక్కడిదో పరాయి దేశపు పెద్ద గంట. మొదటి ఆదివారం అందరికీ ముచ్చటేసింది. రెండో ఆదివారం గంట మధ్యలో ఆయనకి ఫోనొచ్చి, పేటంతా ఆయన రింగుటోను విన్నారు.

కట్టు విప్పిన మర్నాడు దేవదానం వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"వదినా, ఇంక ఆ తాడు సంగతి మర్చిపోండి. విజయవాడలో ఆటోమేటిక్ గంట దొరుకుతుందంట. టైము పెడితే దానంతటదే మోగుద్దంట. కోతపండక్కి పెట్టించేద్దాం. సంఘంలో అందరూ సరేనన్నారు."

"అందరూ అంటే? నన్నడిగారా?"

"మీ మేలు కోరే కదండీ."

"నా మేలు కోరే కట్టు వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళావు."

దేవదానం తల దించుకున్నాడు. "అది మాత్రం నాదే తప్పండి."

"నీది కాదులే. మూడు వారాలన్నవాణ్ణి కాదని ఏడు వారాలు మోసింది నేను." హన్నమ్మ గొంతు తగ్గించింది. "కోతపండగెప్పుడు?"

"డిసెంబరు మొదటాదివారం. పోనీ ఓ పని చేద్దామండీ, ముడి కిందికి జరిపి కట్టిస్తాను. మీ రొమ్మెత్తున. అప్పుడు చెయ్యెత్తక్కర్లేదు."

"రొమ్ము దగ్గర్నించి నడుము దాకా లాగితే ఎంత లాగినట్టు? జానెడు. గంట ఒక పక్కే మోగుద్ది. పండగనాడు చావు గంట కొట్టమంటావా?"

దేవదానం గంటస్తంభాల వేపు చూశాడు. హన్నమ్మే చెప్పింది. "కోతపండగనాడు మొదటి గంటా రెండో గంటా మూడో గంటా, మూడూ నేనే కొడతాను. ముడి దగ్గర పట్టుకుని కొడతాను. కొట్టలేకపోతే నీ మిషను పెట్టుకో. నేను నోరెత్తను."

కొత్త పంట మొదటి పనల్ని గుడికి తెచ్చే ఆ పండక్కి అప్పటికి పదకొండు వారాలుంది.

ఫిజియోథెరపీ అన్న మాట జాయ్సీ స్కూల్లో ఎవరో చెబితే విని వచ్చింది. తాడేపల్లిగూడెంలో ఉల్లిపాయల మార్కెట్టుకి రెండు వీధులవతల, మందులషాపు మేడ మీద ఉంది ఆ క్లినిక్కు. కిటికీ తీస్తే ఉల్లిపాయల ఘాటు లోపలికొచ్చేది. మైత్రేయి అని, పాతికేళ్ళు దాటీ దాటని అమ్మాయి. తణుకులో పౌరోహిత్యం చేసుకునే వాళ్ళింటి పిల్ల. ఎక్స్‌రే చూసి, జామెట్రీ పెట్టెలో ఉండే కొలబద్ద లాంటిది భుజానికి ఆనించి, చెయ్యి ఎంతవరకూ లేస్తుందో కొలిచింది.

"అరవై అయిదు డిగ్రీలండి."

"ఎంతుండాలమ్మా?"

"మామూలుగా నూట ఎనభై దాకా ఉంటుందండి."

"ముడి అందుకోడానికెంత కావాలి?"

"ఏ ముడండీ?"

హన్నమ్మ చెప్పింది. మైత్రేయి విని, లేచి నిలబడి, హన్నమ్మ ఎత్తుకి తన మోకాళ్ళు వంచి, గాల్లో తాడు పట్టుకున్నట్టు చెయ్యి చాపి చూసుకుంది. "మడమలెత్తి నిలబడితే నూట అరవై సరిపోతుంది."

"అయితే ఆ నూట అరవై ఇప్పించండి డాక్టరమ్మగారూ. డిసెంబరు మొదటాదివారానికి."

మైత్రేయి నవ్వింది. "ఇప్పించడానికి నా దగ్గరేం లేదండీ. ఉన్నదంతా మీ భుజంలోనే ఉంది, బిగుసుకుపోయింది. మెల్లగా తియ్యాలి. నెప్పి పుడుతుంది. ఫలానా రోజుకని మాత్రం మాటివ్వలేను."

"నెప్పి సంగతి నేను చూసుకుంటాను. తియ్యడం మీరు చూసుకోండి."

వారానికి మూడు రోజులు క్లినిక్కు, మిగతా రోజులు ఇల్లు. మొదట వేడి కాపడం. తరవాత బల్ల మీద ఎడమచెయ్యి ఆన్చి ముందుకి వంగి, కుడిచేతిని గాలికి వదిలేసి గుండ్రంగా ఊపడం. "అచ్చం గంట నాలికలా ఉంది కదే" అంది హన్నమ్మ కూతురితో. పొయ్యి ఊదుకునే గొట్టాన్ని రెండు చేతుల్తో పట్టుకుని, మంచి చేత్తో చెడ్డ చేతిని పైకి నెట్టడం. అన్నిటికంటే కష్టం గోడ పని. గోడకి ఎదురుగా నిలబడి, చూపుడువేలూ నడిమివేలూ సాలీడు పాకినట్టు గోడ మీద పైకి పాకించాలి. ఆగిన చోట జాయ్సీ సుద్దముక్కతో గీత గీసి పక్కన అంకె వేసేది. ఆ గోడ మీద గీతలు నిచ్చెన మెట్లలా పైకి పోయాయి. అరవై అయిదు, డెబ్భై, డెబ్భై నాలుగు, ఎనభై ఒకటి.

మూడో వారంలో హన్నమ్మకి ఆశ ఎక్కువై, పదిసార్లు చెయ్యమన్నది ముప్పైసార్లు చేసింది. తెల్లారేసరికి భుజం బూరెలా పొంగింది. గీత కిందికి దిగింది. మైత్రేయి మొహం ముడుచుకుంది.

"హన్నమ్మగారూ, నారు బాగా ఎదగాలని మళ్ళో మోకాలెత్తు నీళ్ళు పెడతారా?"

"ఎందుకు పెడతామమ్మా, కుళ్ళిపోద్ది."

"మరి ఇదేంటండి?"

నాట్లేసే మనిషికి ఆ మాట చాలు. ఆ రోజు నుంచీ పదంటే పదే చేసింది. దసరా వారమంతా గీత తొంభై ఏడు దగ్గరే కూర్చుంది. జాయ్సీ రోజూ అదే గీత మీద మళ్ళీ గీసీ గీసీ సుద్ద మందంగా పేరుకుపోయింది. "గీత కదలకపోయినా వేలు కదులుతోంది కదా" అనేది హన్నమ్మ, పళ్ళ బిగువున. తొమ్మిదో రోజున నూట నాలుగొచ్చింది.

అక్టోబరు మధ్యలో మైత్రేయి ఒక రబ్బరు పట్టీ ఇచ్చింది. "చెయ్యి లేస్తే సరిపోదండి, బలం రావాలి. దీన్ని కిటికీ ఊచకి కట్టండి. లాగండి, భుజమెత్తున ఆపండి, పది లెక్కపెట్టండి, మెల్లగా వదలండి. పదిసార్లు."

రెండు రోజులు చేసింది హన్నమ్మ. మూడో రోజు ఆ పట్టీ పిల్లలాటలా అనిపించింది. రబ్బరెక్కడ, గంటెక్కడ? ఆదివారం ఆరాధనైపోయి అందరూ వెళ్ళాక జాయ్సీని నిచ్చెనెక్కించి, గంట నాలిక్కి గోనెపట్టా చుట్టించి, పురికొసతో కట్టించింది. "మైత్రేయిగారికి చెప్పావా అమ్మా?" అంటే, "చెప్తాలే" అంది. అప్పట్నించి రోజూ మధ్యాహ్నం, పేట సద్దుమణిగిన వేళ, గుడి ఆవరణలోకి వెళ్ళి ముడికి మూరెడు కింద, ఎడమచెయ్యి సాయంతో, తాడు పట్టుకునేది. లాగి, ఆపి, పది లెక్కపెట్టి, వదిలేది. పైన గంట మూగగా వాలేది, మూగగా లేచేది.

అక్టోబరు ఆఖర్న తుపాను వానలు మూడు రోజులు కురిశాయి. తడిసిన పురికొస కుళ్ళిపోయిందనీ, గోనెపట్టా జారి స్తంభం వెనక పడిందనీ హన్నమ్మ చూసుకోలేదు. నాలుగో రోజు తెరిపిచ్చింది. వెళ్ళి తాడు పట్టుకుని లాగింది.

గంట మోగింది.

హన్నమ్మ ఉలిక్కిపడింది. మరుక్షణం ఒళ్ళంతా ఝల్లుమంది. మూడు నెలల తరవాత ఆ చేతికి గంట పలికింది. తాడు వదలకుండా పది లెక్కపెట్టింది. మళ్ళీ లాగింది. మళ్ళీ పలికింది. పది లెక్కపెట్టింది. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి. తను చేస్తున్నది వ్యాయామమన్న సంగతి తప్ప ఇంకేదీ ఆమె బుర్రలో లేదు.

మూడో దెబ్బకి పేటలో తలుపులు తెరుచుకున్నాయి. కాలవ గట్టు మీద చేపలు కొనుక్కుంటున్న ఆడవాళ్ళు గిన్నెలతోనే పరుగందుకున్నారు. అందరి కాళ్ళూ ఒక్క ఇంటి వేపే తిరిగాయి. మత్తయి తాతకి ఎనభై నాలుగేళ్ళు, రెండేళ్ళుగా మంచానికే ఉన్నాడు. ముందుగా చేరిన ఆవిడ గుమ్మంలోనే కొంగు నోటికడ్డం పెట్టుకుని శోకం ఎత్తుకుంది. మత్తయి తాత మంచం మీద కూర్చుని టీలో బన్ను ముంచుకుంటున్నాడు.

"ఎవరు పోయారే?" అన్నాడు.

"నువ్వే కదా తాతా!" అందావిడ, ఏడుపు ఆపలేక.

గుడి ఆవరణలోకి దేవదానం సగం గెడ్డం నురగతో, సగం నున్నగా పరుగెత్తుకొచ్చి తాడు పట్టేసుకున్నాడు. "వదినా! ఎవరండీ? ఎనిమిది దెబ్బలు లెక్కపెట్టాను. మగా, ఆడా?"

"ఎవరు పోయారు?" అంది హన్నమ్మ కంగారుగా.

"మీరే కదండీ కొడుతున్నారు!"

హన్నమ్మ తాడు వేపు చూసింది, గంట వేపు చూసింది, గేటు దగ్గర మూగిన జనం వేపు చూసింది. నోరు కొట్టుకుంది. "నా చెయ్యి లేచింది దేవదానం" అంది, ఇంకేం అనాలో తెలియక.

ఆ సాయంత్రం గుడి ముందు పెద్దలు కూర్చున్నారు. ఏలూరు, ఉండి, తణుకు దాకా చుట్టాలకి ఫోన్లు పోయాయని ఒకరు, తన తల్లి గుండె ఆగినంత పనైందని ఇంకొకరు. "పండగ దాకా ఎందుకండీ, ఆ మిషనేదో రేపే తెప్పించండి" అని వెనకనించి ఒక గొంతు. హన్నమ్మ చాప చివర కూర్చుని, "తప్పు నాదేనండి, క్షమించండి" అంది. పండగ దాకా గడువు కావాలని మాత్రం ఆమె అడగలేకపోయింది.

అప్పుడు మనవళ్ళు మత్తయి తాతని ప్లాస్టిక్ కుర్చీలో మోసుకొచ్చి దింపారు.

"పోయినవాణ్ణి నేను. నన్ను మాట్లాడనివ్వండి" అన్నాడు తాత. జనం నవ్వారు. "ఇవాళ ఎవరేడ్చారో, ఎవరేడవలేదో చూసుకున్నాను. దేవదానం, నువ్వు మా ఇంటికే రాలేదు."

"గంట దగ్గరికెళ్ళాను తాతా."

"అదే అంటున్నాను. గంట కొట్టే మనిషుంటే అడగడానికైనా పోతాం. మిషన్ని అడుగుతావా? ఒక్కో దెబ్బకీ మధ్య పది లెక్కపెడతారు చూడండి, అది నాకోసం ఎవరో కూర్చుని లెక్కపెడుతున్నట్టుంటుంది. నాకది కావాలి." తాత దమ్ము తీసుకున్నాడు. "హన్నమ్మా, నాకు నువ్వే కొట్టాలి. పన్నెండూ కొట్టాలి, ఇవాళ్టిలా ఎనిమిదికే ఆపేస్తే నేనొప్పుకోను. డిసెంబరు దాకా వీళ్ళాగుతారు. నేనూ ఆగుతాను."

"అలాగే మావయ్యగారూ" అంది హన్నమ్మ. అంతవరకూ తాడు ఏసోబుదే అనుకుంది ఆమె. ఆ మాటతో ఇంకొకరిది కూడా అయింది.

మర్నాడు సంగతి విని మైత్రేయి కుర్చీలోంచి లేచింది. "ఎంత బరువుంటుందండి ఆ గంట?"

"అరవై కేజీలంటారమ్మా."

"నేనిచ్చిన రబ్బరు పట్టీ ఎంత, అరవై కేజీలెంత! ఎముక మళ్ళీ కదిలుంటే?" కోపం దిగడానికి కాసేపు పట్టింది. తరవాత భుజమంతా వేళ్ళతో తడిమి చూసి, కొలబద్ద ఆనించి, "నూట ఇరవై ఎనిమిది" అంది తనలో తనే. ఆ ఆదివారం మధ్యాహ్నం స్కూటీ మీద పేటకి వచ్చింది.

గంట చుట్టూ తిరిగింది. ముడి ఎత్తు టేపుతో కొలిచింది. హన్నమ్మని ఒకసారి లాగమని, ఆపేసింది. "అదేనండీ పొరపాటు. మీరు భుజంతో లాగుతున్నారు. మీవారు ఎలా లాగేవారు?"

హన్నమ్మ కళ్ళు మూసుకుంది. గంట కొట్టే ఏసోబు ఎప్పుడూ వెనకనించే కనబడేవాడు ఆమెకి. ఎడంగా పెట్టిన పాదాలు, కొంచెం వంగిన మోకాళ్ళు, చొక్కా కింద కదిలే వీపు. "కూర్చోబోతున్నట్టు లాగేవారమ్మా."

"అదీ. పాదాలు ఎడంగా పెట్టండి. చెయ్యి ముడిని పట్టుకోడానికే. లాగాల్సింది వీపూ, తొడలూ. గంట పైకి పోయేటప్పుడు తాడుతో పోట్లాడకండి, దాంతోపాటు చేతిని పైకి పోనివ్వండి. అదే మీకు గోడ పని." తాడు తన చేతిలోకి తీసుకుని అంది: "పది లెక్కపెట్టి బిగబట్టేది మాత్రం ఇప్పుడొద్దు. అన్నిటికంటే బలం కావాల్సింది దానికే. ఊగే బరువు మనకి సాయం చేస్తుంది, ఆపిన బరువు చెయ్యదు."

ఆ నెలంతా గోనెపట్టాకి పురికొస బదులు సైకిలు ట్యూబు కట్టారు. రోజూ ఎంతసేపు లాగాలో మైత్రేయి చీటీ రాసిచ్చింది, దాన్ని దాటకుండా జాయ్సీ కాపలా కాసింది. గోడ మీద గీతలు నూట నలభై దాటాయి. పండక్కి వారం ముందు నూట యాభై రెండు దగ్గర ఆగిపోయాయి. నూట అరవై రాలేదు. మైత్రేయి ఇంకోసారి కొలిచింది, అదే అంకె.

"ఎనిమిది తక్కువ" అంది జాయ్సీ ఆ రాత్రి భోజనాల దగ్గర.

"లెక్కల టీచరువి, నువ్వే చెప్పు. ఎనిమిది డిగ్రీలంటే ఎంతెత్తు?"

జాయ్సీ వేళ్ళతో చూపించింది. మూడు వేళ్ళ మందం.

హన్నమ్మ పెరట్లోకి వెళ్ళి, మూడు వేళ్ళ మందమున్న పీట ఒకటి వెతుక్కొచ్చి, పక్కన పెట్టుకుని పడుకుంది.

కోతపండగనాడు తెల్లవారి మంచు కాలవ మీంచి లేస్తుండగా హన్నమ్మ పీట మీద నిలబడి ముడి పట్టుకుంది. అరచేతికి ఆ నునుపు తగిలింది. తరవాత కూర్చోబోతున్నట్టు లాగింది. గంట అటు మోగింది, ఇటు మోగింది. తాడు పైకి పోయింది, చెయ్యి దాంతోపాటు వెళ్ళింది, భుజం మంటతో పాటు వెళ్ళింది. మొదటి గంట నిండుగా పలికింది. రెండో గంటకి జనం వరి పనలూ గుమ్మడికాయలూ కోళ్ళూ పట్టుకుని ఆవరణలోకి వస్తున్నారు. మత్తయి తాత కుర్చీ గుమ్మం దగ్గరే వేశారు. కోళ్ళ గోల తప్ప మాట లేదు. అందరూ ఆమెకేసి చూడనట్టే చూస్తున్నారు.

మూడో గంట సగంలో చెయ్యి వణికింది. పట్టు జారి చెయ్యి ముడి కిందికొచ్చింది. గంట ఒక్క పక్కే మోగింది. ఒక్క దెబ్బ. ఆవరణంతా బిగుసుకుపోయింది. దేవదానం చేతిలో పన కింద పెట్టి ఒకడుగు ముందుకేశాడు.

"రాకు" అంది హన్నమ్మ, వెనక్కి తిరక్కుండానే.

పాదాలు ఇంకొంచెం ఎడం చేసింది. తాడు పైకి పోయేదాకా ఆగింది. ముడి తనంతట తాను దిగి చేతికి అందింది. అప్పుడు వీపంతా వేసి లాగింది. గంట రెండు వేపులా మోగింది. ఇంకోసారి. ఇంకోసారి. మామూలుగా కొట్టేదానికంటే పది ఊపులు ఎక్కువే కొట్టి, అప్పుడు వదిలింది.

"చాలండి వదినా, దేవుడికి వినబడింది" అన్నాడు దేవదానం. మొహం పక్కకి తిప్పుకున్నాడు. మిషను మాట ఆయన మళ్ళీ ఎత్తలేదు. హన్నమ్మ కూడా గుర్తు చెయ్యలేదు.

గెలిచానని మాత్రం ఆమె క్లినిక్కు మానలేదు. "ఇంకొకటి మిగిలిందమ్మా" అంది మైత్రేయితో. "బిగబట్టేది." మైత్రేయి కిటికీ ఊచకి రబ్బరు పట్టీ కట్టింది. లాగండి, ఆపండి, లెక్కపెట్టండి. ఎడమచెయ్యి సాయం లేకుండా మొదట నాలుగు దగ్గరే చెయ్యి వణికేది. క్రిస్మసుకి ఏడొచ్చింది. జనవరిలో పట్టీ మార్చి మందంది ఇచ్చింది.

రెండో పంటకి దాళ్వా నాట్లు పడుతున్న రోజుల్లో, ఒక మంగళవారం పొద్దున్నే మత్తయి తాత నిద్రలోనే పోయాడు. మాట నిలబెట్టుకుని డిసెంబరు దాటించాడు. కబురు తెచ్చిన దేవదానం గుమ్మంలో నిలబడి, "నేను పట్టుకోనా అండీ పక్కన?" అన్నాడు.

"అక్కర్లేదు" అంది హన్నమ్మ. కొప్పు తనే ముడేసుకుని బయల్దేరింది.

ముడి కింద తాడు పట్టుకుని లాగింది. ఒక్క దెబ్బ. భుజమెత్తున తాడు బిగబట్టింది. ఒకటి, రెండు, మూడు. చేలల్లో నాట్లేస్తున్న ఆడవాళ్ళు నారు పట్టుకున్న చేతులతో నడుములెత్తారు. ఈసారి ఎవరూ పరుగెత్తలేదు. నిలబడిన చోటే నిలబడి లెక్కపెట్టుకున్నారు. అయిదో దెబ్బ, ఆరు, ఏడు. ఎనిమిదో దెబ్బ దాటినప్పుడు హన్నమ్మ పెదవుల మీద చిన్న నవ్వు కదిలింది. తొమ్మిది, పది, పదకొండు.

పన్నెండో దెబ్బ కొట్టి, తాడు బిగబట్టి, పది దాకా లెక్కపెట్టింది. చెయ్యి వణకలేదు. పది అయ్యాక కూడా ఆమె వెంటనే వదల్లేదు.